ఏకు, ఎద్దు, చేతి తొడుగు: నూలు దారిలో మనవాళ్లు

"ఆదివాసీల చేతిపనుల మీద ఏదైనా రాయండి మేడమ్" అని సంఘం మిత్రులు ఫోన్ చేసిన రోజు శనివారం. తణుకులో మా గిరిజన బాలికల వసతిగృహంలో శనివారం సాయంత్రం దుమ్ము దులిపే పని ఉంటుంది. పిల్లలు కిటికీ ఊచలు, ట్రంకుపెట్టెలు, పుస్తకాల అరలు తుడుస్తున్నారు. చేతులకు తెల్లటి నూలు తొడుగులు వేసుకున్నారు. అవి వాళ్లు అల్లుకున్నవే. వీటి గురించే రాస్తానని మాటిచ్చాను.

ఆ మాట విన్న తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది: "మేడమ్, మనవాళ్లు నూలు వడికేవాళ్లా?" ఆమె మెట్ట ప్రాంతపు తండా నుంచి వచ్చిన లంబాడీ పిల్ల. పక్కన యెరుకల పిల్లలు, యానాది పిల్లలు, బుట్టాయగూడెం వైపు నుంచి వచ్చిన కోయ పిల్లలు ఉన్నారు. అందరూ పని ఆపి నా మొహంలోకి చూశారు. "ఆఁ, వడికేవాళ్లు" అనేస్తే సంతోషించేవాళ్లే. కానీ తెలియనిది తెలిసినట్టు చెప్పిన టీచరును పిల్లలు ఎప్పటికైనా పట్టేస్తారు. చదివి చెబుతానన్నాను. ఈ వ్యాసం ఆ జవాబే.

తొడుగు ఎందుకు మొదలైంది

ముందు తొడుగు సంగతి. మా దగ్గర ఒక పాపకు ఆయాసం ఉంది. దుమ్ము లేచినా, వాసన ఉన్న స్ప్రే కొట్టి తుడిచినా ఆ రాత్రి పడుకోలేదు, కూర్చునే తెల్లవారుతుంది. ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఫినాయిలు తగిలి వేళ్ల సందుల్లో చర్మం పొరలు లేచింది. ఈకల కట్టతో దులిపితే దుమ్ము ఒక అరమీది నుంచి ఇంకో అరమీదికి పోతుంది తప్ప ఇంట్లోంచి పోదు. పాత పాలియెస్టరు చున్నీలతో తుడిచినా అంతే. పాత నూలు చీర గుడ్డ నయం, కానీ ఊచల మధ్య, మూలల్లో అది తిరగదు. చేతికి తొడుక్కునేది ఏదైనా ఉంటే బాగుండుననిపించింది.

తొడుగుకు నూలు ఎలా ఉండాలో మాకు తప్పులు చేశాకే తెలిసింది. ఊళ్లో ముతక నూలు కండె ఒకటి కొన్నాం. పది నంబరు నూలు, రంగు వేయనిది, తెల్లబరచనిది. నూలు నంబరు అంటే లెక్క ఇది: ఒక పౌను బరువు, అంటే అరకిలోకి కాస్త తక్కువ, నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అంత నంబరు. పది నంబరులో పౌనుకు 8,400 గజాలు. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నం. నాలుగు పోగులు కలిపి తకిలి మీద పేనారు పిల్లలు. మొదటి తొడుగుకు పురి మరీ బిగించారు. అది కొబ్బరి తాడులా తయారై దుమ్మును నెట్టింది కానీ పట్టుకోలేదు. రెండోదానికి పురి చాలా వదులుగా వేశారు. దానిలోంచే పీచు రాలి, ఆయాసం ఉన్న పాప మళ్లీ తుమ్మడం మొదలుపెట్టింది. మూడోసారి మధ్యస్థంగా పేని, అరచేతి వైపు చిన్న చిన్న ఉచ్చులు వచ్చేలా క్రోషియా కొక్కెంతో అల్లారు. ఆ ఉచ్చుల్లో, నూలు మీది సన్నటి నూగులో దుమ్ము చిక్కుకుంటుంది. ఏ మందూ చల్లక్కర్లేదు.

ఇంకో చిక్కు వచ్చింది. పచ్చి నూలు మీద పత్తికి పుట్టుకతో వచ్చే మైనం ఉంటుంది, నీళ్లు త్వరగా పీల్చదు. బూడిద తేట నీళ్లలో ఉడికించి, కుంకుడు రసంతో ఉతికితే ఆ మైనం పోయింది. ఇప్పుడు తడి చేసి పిండి తుడవవచ్చు, పొడిగానూ వాడవచ్చు. మైలయితే ఉతికి ఎండలో ఆరేస్తాం. బట్టలు మెత్తబరిచే ద్రవాలు మాత్రం వాడం. అవి పీచు మీద పూతలా పట్టి దుమ్ము అంటకుండా చేస్తాయి.

పత్తి పండని చోట నేత

ఇక చరిత్ర. మన డెల్టా నల్లమట్టి తడినేల. ఇది వరి దేశం. అయినా పదిహేడో శతాబ్దంలో ఇక్కడి మగ్గాల బట్ట సముద్రాలు దాటింది. డచ్చివాళ్లు పాలకొల్లులో వర్తక స్థావరం పెట్టారు. ఇంగ్లీషు కంపెనీ నరసాపురం దగ్గర మాధవాయిపాలెంలో పెట్టింది. ఆ ఊరి పేరే తెల్లవాళ్ల నోట 'మాదపొల్లం' అయి, ఒక రకం మెత్తని తెల్లబట్టకు పేరైపోయింది. ఇంగ్లీషు నిఘంటువుల్లో ఇప్పటికీ ఆ మాట ఉంది. తణుకు నుంచి బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి చేరిపోయే ఊళ్లు ఇవి.

మరి పత్తి ఎక్కడిది? చాలా మటుకు లోపలి నుంచి, బీరారు, దక్కను నల్లరేగళ్ల నుంచి వచ్చింది. రైళ్లు లేవు, బండ్లు నడిచే బాటలు అంతంత మాత్రం. దాన్ని మోసింది ఎద్దులు. వందలు, ఒక్కోసారి వేలు ఎద్దుల మీద గోనె పెరికెలు వేసుకుని, ఆలుబిడ్డలతో సహా నడిచి వచ్చిన బంజారాలు. అంటే మా తండా పిల్ల పూర్వీకులు. దిగేటప్పుడు పత్తి, ధాన్యం. ఎక్కేటప్పుడు సముద్రతీరపు ఉప్పు. ఆ ఉప్పునూ ధాన్యాన్నీ గాడిదల మీద, ఎద్దుల మీద ఊరూరా చేర్చిన వాళ్లలో యెరుకలవారూ ఉన్నారు.

వచ్చిన పత్తిని ఏకులు చేసి రాట్నం మీద వడికింది ఆడవాళ్లు. ఒక్క మగ్గానికి నూలు అందించాలంటే నలుగురైదుగురి చేతులు ఆడాలి. కంపెనీ పద్దుల్లో బట్ట పేరుంది, దళారి పేరుంది. వడికిన ఆమె పేరు లేదు, మోసిన వాడి పేరూ లేదు.

'ఏకులా వచ్చి మేకులా దిగాడు' అనే సామెత మా పిల్లలందరికీ వచ్చు. ఏకు అంటే ఏమిటని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. వడకడానికి సిద్ధం చేసిన మెత్తని దూది చుట్ట అది. కంపెనీ వచ్చిన తీరుకు అంతకంటే సరైన సామెత లేదు. పందొమ్మిదో శతాబ్దంలో లాంకషైరు మిల్లు నూలు, మిల్లు బట్ట మన సంతల్లో దిగాయి. మాదపొల్లం అన్న పేరుతోనే ఇంగ్లండులో మరమగ్గాల మీద బట్ట నేశారు. మన ఊరి పేరు పెట్టుకున్న బట్ట ఓడెక్కి మన దేశానికే వచ్చింది. రాట్నాలు అటకెక్కాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా మొత్తం వరిచేలయింది. కట్టించిన దొర పేరు కాటన్, అంటే పత్తి. ఆయన నీళ్లతో పండింది మాత్రం వడ్లు.

ఎద్దుల దారి కూడా మూసుకుపోయింది. రైళ్లు, సర్కారు ఉప్పు విధానం కలిసి బంజారాల, యెరుకలవారి వర్తకాన్ని తినేశాయి. బతుకు పోయిన వాళ్లను అదే సర్కారు అనుమానంతో చూసింది. 1871లో నేరస్త జాతుల చట్టం వచ్చింది. 1911 తర్వాత మద్రాసు రాజధానిలో యెరుకలవారి మీద, కొన్ని చోట్ల లంబాడీల మీద దాన్ని ప్రయోగించారు. ఊరు కదలాలంటే హాజరు వేయించుకోవాలి. దేశమంతా తిరిగి పత్తి, ఉప్పు మోసిన మనుషులకు తిరగడమే నేరమైంది. 1952లో ఆ చట్టం రద్దయింది. ఆ అనుమానపు చూపు మాత్రం మా పిల్లలకు బడిలో ఇప్పటికీ అప్పుడప్పుడు తగులుతూనే ఉంది.

కొండల మీద నూలు

కోయ పిల్లలకు చెప్పాల్సిన జవాబు వేరు. కోయలు, కొండరెడ్లు నేతవాళ్లు కారు. అడవి సరుకు సంతకు తెచ్చి, బట్ట కొనుక్కుని వెళ్లేవాళ్లు. దీన్ని దాచిపెట్టి గొప్ప చెప్పుకోవలసిన అవసరం నాకు కనిపించలేదు. వెదురు, ఆకు, పొట్లకాయ బుర్ర, విల్లు వాళ్ల చేతుల్లో ఎంత పని చేస్తాయో అందరికీ తెలుసు.

అయితే ఉత్తరాంధ్ర, కోరాపుట్ కొండల్లో గదబ స్త్రీలు వడికారు, నేశారు కూడా. కెరంగు అనే అడవి పొద బెరడు నుంచి నార తీసి, పేని, పత్తి నూలుతో కలిపి ఎరుపు, నీలం, తెలుపు చారలతో తమ బట్ట తామే నేసుకునేవారు. ఆ నార బట్ట గురించి 1909లో అచ్చయిన థర్‌స్టన్ గ్రంథంలోనూ ఉంది. ఆ పని అడవితో ముడిపడింది. అడవిలోకి పోవడానికి ఆంక్షలు పెరిగి, సంతలో మిల్లు బట్ట చవకై, ఆ మగ్గాలు తగ్గిపోయాయి.

శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, వంద నంబరు పైచిలుకు నూలు చేత్తో వడుకుతారు. వంద నంబరంటే పౌను పత్తిలో 84,000 గజాల దారం. తణుకులో ఒక కొస పట్టుకుంటే రెండో కొస రాజమండ్రి దాటిపోతుంది. ఈ లెక్క చెప్పినప్పుడు పిల్లలు నమ్మక, కాగితం తీసుకుని వాళ్లే గుణించుకున్నారు.

1921లో విజయవాడలో జరిగిన కాంగ్రెసు సమావేశం దేశంలో ఇరవై లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానించింది. మరుసటి సంవత్సరం ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణా మీద దాడితో మన్యం తిరుగుబాటు మొదలైంది. అంతకుముందే అల్లూరి సీతారామరాజు మన్యంలో తిరుగుతూ కల్లు మానమని, తగాదాలు పంచాయతీలో తీర్చుకోమని, ఖద్దరు కట్టమని చెప్పేవాడు. అడవి చట్టాలతో పోడు పోయి, వెట్టితో ఒళ్లు పోయి ఉన్న గాం గంటందొర, మల్లుదొర లాంటి వాళ్లు ఆయన వెంట నడిచారు. ఆ నూలు మన్యం వాళ్లు వడికింది కాకపోవచ్చు. దానికి ధర కట్టింది మాత్రం వాళ్ల ప్రాణాలతోనే.

మిల్లు గొట్టంలోంచి

స్వాతంత్ర్యం తర్వాత తణుకు రూపు మారింది. 1947లో ఆంధ్రా షుగర్స్ పుట్టింది. ఆ తర్వాత నూలు మిల్లులూ వచ్చాయి. పత్తి పండని ఊళ్లో మళ్లీ నూలు తయారైంది. ఈసారి పత్తి లారీల మీద వచ్చింది.

ఏ నూలు మిల్లులోనైనా పత్తిని శుభ్రం చేసి, దువ్వేటప్పుడు పొట్టి పీచు వేరుపడుతుంది. సన్న నూలుకు అది పనికిరాదు. 1967లో చెకోస్లొవేకియాలో ఓపెన్ ఎండ్ పద్ధతి యంత్రాలు వ్యాపార స్థాయిలో వచ్చాక ఈ పొట్టి పీచుకు విలువ వచ్చింది. ఆ పద్ధతిలో పీచు గిర్రున తిరిగే చిన్న గిన్నెలో చేరి పురి ఎక్కి దారంగా బయటికొస్తుంది. దుప్పట్లు, నేల తుడిచే కుచ్చులు, పని చేతి తొడుగులు, అన్నీ ఈ ముతక నూలే. వ్యర్థమని పక్కన పెట్టిన పీచే దుమ్ము పట్టడంలో ముందుంటుంది.

బేరం

అల్లిక మాకు నేర్పింది మా వంటమ్మ. ఆమెది నరసాపురం వైపు. చిన్నప్పటి నుంచి లేసు అల్లింది. మిషనరీలు నేర్పిన ఆ పని లక్షల ఆడవాళ్ల చేతుల్లోకి వెళ్లి, దేశదేశాలకు ఎగుమతి అయింది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో నరసాపురం లేసు అల్లేవాళ్ల మీద పుస్తకమే రాసింది. ఇంట్లో కూర్చుని తీరికవేళ చేసే పని అని పేరు పెట్టడం వల్లే రోజంతా అల్లినా వాళ్లకు కూలి గిట్టలేదని ఆమె చూపించింది. మా వంటమ్మ ఆ పుస్తకం చదవలేదు. "కళ్లు పోయాయమ్మా, కూలి రాలేదు" అని ఒక్క ముక్కలో చెప్పింది.

ఆ మధ్య ఒక దుకాణదారు మా తొడుగులు చూసి, జత నలభై రూపాయల చొప్పున ఎన్నయినా కొంటానన్నారు. రసాయనాలు లేనివి, ఉతికి మళ్లీ వాడేవి, ఆదివాసీ బాలికలు చేసినవి అని చీటీ అంటిస్తే బాగా పోతాయట. నిజం చెప్పాలి, నాకు ఆశ పుట్టింది. పిల్లలకు చెప్పులు కొనవచ్చు, రెండు ఫ్యాన్లు పెట్టించవచ్చు అనుకున్నాను. ఆ రాత్రి పిల్లలతోనే లెక్క వేయించాను. నూలు పేనడం, ఉడకబెట్టడం, అల్లడం కలిపి ఒక జతకు తొమ్మిది గంటలు పట్టింది. నూలు ఖరీదు తీసేస్తే గంటకు మూడు రూపాయలు కూడా మిగల్లేదు. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు ఇవి చేస్తూ కూర్చోవాలా?

లంబాడీ పిల్ల నెమ్మదిగా అంది: "ఏకులా వచ్చాడు మేడమ్."

మర్నాడు ఆ పెద్దమనిషికి కాదని చెప్పాను. తొడుగులు మా అవసరానికే అల్లుకుంటాం. రేపు వాళ్లు పెద్దవాళ్లై, తమ పనికి తామే ధర చెప్పగలిగిన రోజున అమ్ముకుంటే వాళ్లిష్టం. ఆయాసం ఉన్న పాప ఈ మూడు నెలల్లో రెండు రాత్రులే కూర్చుని గడిపింది. మాకు అదే లాభం.

"మనవాళ్లు నూలు వడికేవాళ్లా?" అన్న ప్రశ్నకు పిల్లలకు నేను చెప్పిన జవాబు ఇది: కొందరు వడికారు, కొందరు మోశారు, కొందరు కొనుక్కున్నారు, కొందరు దాని కోసం నడిచి ప్రాణాలిచ్చారు. ఆ అమ్మాయి తన నోటుబుక్కులో అంతా రాసుకుని, ఆదివారం చూడ్డానికి వచ్చిన నాన్నకు చదివి వినిపించింది. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. వెళ్లేటప్పుడు నాతో, "మా తాతల నాటికి ఎద్దులుండేవంట మేడమ్. ఎందుకుండేవో మాకెవరూ చెప్పలా" అన్నాడు.