అందరి సొత్తయిన ఆటలు

మన పాత దేవాలయాల మండపాలలోను, రచ్చబండల మీదను పులిజూదపు గీతలు చెక్కి ఉండడం చాలామంది చూసే ఉంటారు. ఆ ఆటను మొదట కల్పించినవారెవరో తెలియదు. దానిని ఆడుకోవడానికి ఒకరి అనుమతి అక్కరలేదు. ఒక సుద్దముక్క, గుప్పెడు గులకరాళ్లు ఉంటే చాలును. నేర్పేవారొకరు, నేర్చుకొనేవారొకరు ఉన్నంతకాలం ఆ ఆట బ్రతికి ఉంటుంది. కంప్యూటరు మీద ఆడే వీడియో ఆటల సంగతి ఇట్లా కాదు. వాటికి యజమానులున్నారు. యజమాని వ్యాపారం మానుకున్నా, యంత్రాల తీరు మారిపోయినా, ఆట కూడా అంతరించిపోతుంది. ఈ సామాన్య నియమానికి లొంగకుండా నిలిచిన ఆటలు కొన్ని ఉన్నాయి. లినక్సు అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఆశ్రయించి పెరిగిన ఆ ఆటల చరిత్రే నేటి ప్రసంగ విషయం.

ముందుగా ఒక మాట స్పష్టం చేసుకోవాలి. కంప్యూటరు ప్రోగ్రాము రెండు రూపాలలో ఉంటుంది. మనిషి వ్రాసేది, మరొక మనిషి చదివి గ్రహించగలిగేది మొదటి రూపం. దానిని యంత్రానికి అనువుగా మార్చినది రెండవ రూపం. మొదటిదానికి సోర్సు కోడు అని పేరు. మనం దానిని మూలప్రతి అందాం. అంగడిలో కొన్న ఆటలో మనకు దొరికేది రెండవ రూపం మాత్రమే. దానితో ఆడుకోవచ్చును గాని, అందులోని లోపాన్ని సవరించడం, దానిని కొత్త యంత్రానికి తగినట్లు మార్చడం సామాన్యంగా సాధ్యం కాదు. మూలప్రతిని కూడా లోకం ముందు ఉంచి, చదువుకోవడానికి, మార్చుకోవడానికి, పంచుకోవడానికి అందరికీ అనుమతి ఇచ్చిన ప్రోగ్రాములను ఓపెన్ సోర్సు ప్రోగ్రాములంటారు. యంత్రాన్ని మొత్తంగా నడిపించే వ్యవస్థ ఆపరేటింగ్ సిస్టం. ఆ వ్యవస్థకే ఇట్టి అనుమతి ఉన్నవాటిలో లినక్సు మిక్కిలి ప్రసిద్ధమైనది.

లినక్సుకు ఆదర్శం యూనిక్సు. ఆ యూనిక్సు పుట్టుకలోనే ఒక ఆటకు చోటున్నది. 1969లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయంలో కెన్ థాంప్సన్ అనే శాస్త్రజ్ఞుడు ‘స్పేస్ ట్రావెల్’ అనే ఆటను వ్రాసినారు. సూర్యకుటుంబంలోని గ్రహాల చలనాన్ని తెరమీద చూపి, ఆటగాడు తన నౌకను నడుపుకుంటూ పోయి ఏదో ఒక గ్రహం మీదనో ఉపగ్రహం మీదనో దిగడం అందులోని వినోదం. పరిశోధనాలయంలోని పెద్ద యంత్రం మీద ఒకసారి ఆడితే సుమారు 75 డాలర్ల ఖర్చు లెక్కకు వచ్చేది. అందుచేత ఆయన అంతగా ఎవరూ వాడని పీడీపీ-7 అనే చిన్న యంత్రాన్ని వెతికి పట్టుకొని, డెనిస్ రిచీ సహాయంతో ఆటను దానికి తగినట్లు తిరిగి వ్రాసినారు. ఆ యంత్రం లోతుపాతులు ఆయనకు ఈ విధంగా తెలిసినవి. కొద్దికాలానికే అదే యంత్రం మీద యూనిక్సు రూపుదిద్దుకున్నది. వినోదం కోసం పడిన శ్రమ ఇంత గొప్ప కార్యానికి మెట్టు కావడం విశేషం.

ఆ తరువాత, సుమారు 1980 ప్రాంతంలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థులైన మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ యూనిక్సు మీద ‘రోగ్’ అనే ఆటను వ్రాసినారు. అందులో బొమ్మలు లేవు. తెరమీద అక్షరాలే గోడలు, అక్షరాలే రాక్షసులు. ఆటగాడు సైతం ఒక చిన్న గుర్తు మాత్రమే. ఆ గుర్తు భూగర్భంలోని గదులు దాటుకుంటూ పోయి, అట్టడుగున ఉన్న రక్షరేకును సంపాదించి తిరిగి రావాలి. ఆట మొదలుపెట్టిన ప్రతిసారీ గదుల అమరిక కొత్తగా ఉంటుంది. ఒకసారి చనిపోతే ఆట ముగిసినట్లే. మళ్లీ మొదటినుంచి ప్రారంభించవలసిందే.

రోగ్ అనేక విశ్వవిద్యాలయాలకు వ్యాపించినది గాని, దాని మూలప్రతి ఆ రోజులలో అందరికీ అందుబాటులో లేదు. అందుచేత జే ఫెన్లాసన్ అనే ఉన్నత పాఠశాల విద్యార్థి తన మిత్రులతో కలిసి, దాని పోలికతోనే ‘హ్యాక్’ అనే ఆటను స్వతంత్రంగా వ్రాసినాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని గణితవేత్త ఆండ్రీస్ బ్రౌవర్ దానిని ఎంతో పెంపొందించి, 1984లో మూలప్రతితో సహా యూజ్‌నెట్ అనే కంప్యూటరు వల మీద ప్రకటించినారు. దానినుండి 1987లో ‘నెట్‌హ్యాక్’ వెలువడినది. వల ద్వారా పరిచయమైన అనేకులు కలిసి చేసినది గనుక ఆ పేరు వచ్చినది.

నెట్‌హ్యాక్‌ను ఇష్టపడేవారు దానిలో మెచ్చుకొనేది కర్తల దూరాలోచన. ఆటగాడు ఏది చేసినా దానికి తగిన ఫలితాన్ని ముందే ఊహించి పెట్టినారు. ఉదాహరణకు, అందులో తాకినవారిని శిలగా మార్చే ఒక జంతువున్నది. చేతికి తొడుగు వేసుకొన్న ఆటగాడు దాని కళేబరాన్నే ఆయుధంగా పట్టుకొని శత్రువులను రాళ్లుగా మార్చవచ్చును. తొడుగు మరచినవాడు తానే రాయి అవుతాడు. 2003 డిసెంబరులో వచ్చిన కూర్పు తరువాత, 2015 డిసెంబరులో మరొక కూర్పు వచ్చేవరకు పన్నెండేళ్లు గడిచినవి. వ్యాపార వస్తువైతే అంతటితో దాని కథ ముగిసి ఉండేది. మూలప్రతి అందరి చేతిలోను ఉన్నది గనుక, ఆ మధ్యకాలంలో ఇతరులు దానికి తమతమ మార్పులు చేర్చుకుంటూ ఆటను కాపాడినారు.

ఇక లినక్సు సంగతి. ఫిన్‌లాండు దేశంలో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దానిని లోకానికి ప్రకటించినారు. రిచర్డ్ స్టాల్మన్ నడిపిన గ్నూ ఉద్యమంవారి అనుమతి పత్రాన్ని 1992లో దానికి వర్తింపజేసినారు. ప్రోగ్రామును ఎవరైనా మార్చవచ్చును. మార్చిన ప్రతిని ఇతరులకు ఇచ్చేటప్పుడు మాత్రం దాని మూలప్రతిని కూడా అదే స్వేచ్ఛతో ఇవ్వాలి. ఇదే ఆ పత్రంలోని ముఖ్య నిబంధన.

1993 డిసెంబరులో ఇడ్ సాఫ్ట్‌వేర్ అనే అమెరికన్ సంస్థ ‘డూమ్’ అనే ఆటను విడుదల చేసినది. ఆటగాడి కళ్లతో చూస్తున్నట్లే గదులు, నడవాలు తెరమీద కదిలే ఆ ఆట లోకాన్ని ఒక ఊపు ఊపినది. ఆ సంస్థలోని డేవ్ టేలర్ 1994లో దానిని లినక్సు మీదికి తెచ్చినారు. ఈ పని ఫలితం మూడేళ్ల తరువాత తెలిసినది. 1997 డిసెంబరులో ఆ సంస్థ ప్రధాన రచయిత జాన్ కార్మాక్ డూమ్ మూలప్రతిని లోకానికి విడిచిపెట్టినారు. ఎక్కువమంది కొన్నది డాస్ కూర్పును. కాని అందులోని ధ్వని భాగం మరొకరినుండి అనుమతి మీద తీసుకొన్నది కావడంచేత దానిని బయటపెట్టే హక్కు ఆయనకు లేదు. లినక్సు కూర్పుకు ఆ చిక్కు లేదు. అందుచేత ప్రపంచానికి దక్కినది లినక్సు కూర్పు మూలప్రతి. ఈనాడు డూమ్ కొత్త కంప్యూటర్లన్నిటి మీదనే గాక లెక్కలు కట్టే యంత్రాల మీద కూడా నడుస్తున్నదంటే దానికి మూలం ఆ నిర్ణయమే.

అయితే డూమ్‌లో స్వేచ్ఛ పొందినది ప్రోగ్రాము మాత్రమే. అందులోని చిత్రాలు, ధ్వనులు, గదుల నమూనాలు ఇప్పటికీ యజమానుల సొత్తే. ఆ లోటు తీర్చడానికి ‘ఫ్రీడూమ్’ పేరుతో కొందరు ఉత్సాహవంతులు చిత్రాలను, ధ్వనులను మొదటినుండి తామే తయారుచేసినారు. ఆట అంటే లెక్క మాత్రమే కాదు, చిత్రం, సంగీతం, కథ కూడా అని ఈ ఉదంతం గుర్తుచేస్తున్నది. స్వేచ్ఛా క్రీడల ఉద్యమానికి మొదటినుండి కష్టమైన భాగం ఇదే.

ఆ కష్టాన్ని జయించిన ఆటలున్నాయి. 1991లో వచ్చిన సిడ్ మయర్ ‘సివిలైజేషన్’ అనే ప్రసిద్ధ క్రీడను చూసి, డెన్మార్కులోని ఆర్హూస్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ముగ్గురు ‘ఫ్రీసివ్’ను వ్రాసి 1996 జనవరిలో ప్రకటించినారు. ఒక చిన్న జాతిని ఆదిమ దశనుండి ఆధునిక యుగం దాకా నడిపించడం అందులోని విషయం. ఆ ముగ్గురూ కాలక్రమాన తమ దారిన తాము పోయినారు గాని ఆట నిలిచినది. 2003లో డేవిడ్ వైట్ మొదలుపెట్టిన ‘బ్యాటిల్ ఫర్ వెస్నాత్’ మరొకటి. ఆరు మూలల గడుల మీద సేనలను నడిపే ఈ ఆటలో కొందరు యోధులకు పగలు బలం, కొందరికి రాత్రి బలం. కాబట్టి ఎక్కడ పోరాడాలో ఎంత ముఖ్యమో, ఏ వేళ పోరాడాలో అంత ముఖ్యం. చిత్రకారులు, సంగీతకారులు, కథకులు స్వచ్ఛందంగా వచ్చి చేరడంవల్ల దానికి నిండుదనం వచ్చినది.

‘జీరో ఏ.డీ.’ అనే ఆట పేరే చమత్కారం. క్రీస్తుశకపు కాలగణనలో సున్నా సంవత్సరం లేనే లేదు. 2001లో వేరొక వ్యాపార క్రీడకు అనుబంధంగా మొదలై, తరువాత స్వతంత్రమై, 2009లో దాని మూలప్రతి బహిరంగమైనది. ప్రాచీన గ్రీకు, రోమను, పారశీక రాజ్యాలతోబాటు మన మౌర్య సామ్రాజ్యం కూడా అందులో ఉన్నది. ఏనుగుల దండు, అశోకుని శాసన స్తంభాలు కనిపిస్తాయి. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుని శిలాశాసనాలు చూసినవారికి ఈ సంగతి ప్రత్యేకంగా సంతోషం కలిగిస్తుంది.

స్వేచ్ఛతోబాటు జీవనోపాధి ప్రశ్న కూడా ఉన్నది. 1998లో స్కాట్ డ్రేకర్ కాలిఫోర్నియాలో లోకీ సాఫ్ట్‌వేర్ అనే సంస్థను స్థాపించి, పేరు పొందిన వ్యాపార క్రీడలను లినక్సుకు మార్చి అమ్మసాగినారు. అనుమతి రుసుము చెల్లించి, కొద్దిమందికి మాత్రమే అమ్ముకోవలసిన వ్యాపారం అది. 2001లో ఆ సంస్థ దివాలా దరఖాస్తు పెట్టుకొని, 2002 జనవరిలో మూతపడినది. అయినా ఆ సంస్థలో ప్రధాన ప్రోగ్రాము రచయిత అయిన శామ్ లాంటింగా 1998లో ప్రారంభించిన ఎస్.డీ.ఎల్. అనే ఉపకరణం బహిరంగ మూలప్రతి కలది. ఆటకు, యంత్రంలోని తెరకు, ధ్వనికి, మీటలకు మధ్య దుబాసీ వంటిది అది. సంస్థ పోయినది, ఉపకరణం మిగిలినది. నేటికీ అసంఖ్యాకమైన ఆటలు దానిమీదనే నడుస్తున్నాయి.

‘టక్స్ రేసర్’ కథలో ఇదే నీతి మరొక విధంగా కనిపిస్తుంది. మంచు కొండ మీదనుండి పెంగ్విను పక్షి పొట్టమీద జారుతూ చేపలను ఏరుకొనే ఆ ఆటను కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయ విద్యార్థి జాస్మిన్ ప్యాట్రీ 2000లో ప్రకటించినారు. తరువాత దాని కర్తలు మూలప్రతి ఇవ్వని వ్యాపార కూర్పును వెలువరించినారు. అది వారి హక్కు. కాని ముందు విడిచిన ప్రతి లోకం సొత్తయి ఉన్నది గనుక, ఇతరులు దానిని తీసుకొని కొనసాగించినారు. ఒకసారి ఇచ్చిన స్వేచ్ఛను తిరిగి తీసుకోవడం కుదరదని దీనివల్ల రుజువైనది.

గత పదిహేనేళ్లలో పరిస్థితి చాలా మారినది. వాల్వ్ అనే పెద్ద సంస్థ తన ‘స్టీమ్’ అంగడిని 2013లో లినక్సుకు తెచ్చినది. 2015లో అది ప్రోత్సహించిన లినక్సు క్రీడాయంత్రాలు ఆదరణ పొందలేదు. అప్పుడు మరొక మార్గం తొక్కినది. విండోస్ ప్రోగ్రాములను లినక్సు మీద నడిపించడానికి 1993నుండి స్వచ్ఛంద రచయితలు పెంచుతూ వచ్చిన ‘వైన్’ అనే ప్రోగ్రామును ఆధారం చేసుకొని 2018లో ‘ప్రోటాన్’ను వెలువరించినది. 2022లో చేతిలో పట్టుకొని ఆడే ‘స్టీమ్ డెక్’ యంత్రం ఆ పునాదిమీదనే వచ్చినది. కొన్ని పోటీ ఆటలు మినహా, విండోస్ కోసం వ్రాసిన వేలాది ఆటలు నేడు లినక్సు మీద నడుస్తున్నాయి.

ఇది సంతోషించవలసిన విషయమే. కాని ఒక భేదం మరువరాదు. పునాది అందరిది, దానిమీద ఆడే ఆట మాత్రం ఇంకా ఒకరిదే. 2014లో వెలువడిన ‘ది క్రూ’ అనే కార్ల పందెపు ఆటకు ఆధారమైన కేంద్ర యంత్రాలను 2024 మార్చి 31న ఆపివేసినారు. డబ్బిచ్చి కొన్నవారి చేతిలోనే ఆ ఆట ఆనాటితో నిర్జీవమైనది. అదే సంవత్సరం కాలిఫోర్నియా రాష్ట్రం ఒక చట్టం చేసినది. డిజిటల్ వస్తువులు అమ్మేవారు, కొనేవానికి దక్కేది యాజమాన్యం కాదు, వాడుకొనే అనుమతి మాత్రమే అయినప్పుడు, ఆ మాట స్పష్టంగా చెప్పితీరాలని దాని సారాంశం. ఆ చట్టం 2025 జనవరి 1నుండి అమలులోకి వచ్చినది.

ఆటలు చేసేవారు కూడా కుటుంబాలు కలవారే. వారి శ్రమకు మూల్యం ముట్టవలసిందే. ఆటలన్నీ ఉచితంగా ఇవ్వవలెనని ఎవరూ అనరు. కాని అమ్మకం ముగిసిన తరువాత మూలప్రతిని విడిచిపెట్టడం వల్ల కర్తకు పోయేది స్వల్పం. లోకానికి మిగిలేది అధికం. డూమ్ విషయంలో జరిగినది ఇదే. నలభై ఏళ్లనాటి అక్షరాల ఆట ఈనాటి యంత్రం మీద నడుస్తూ ఉండగా, పదేళ్లనాటి ఖరీదైన ఆట మాయమైపోయినది. పిల్లలకు ఆటలు కొనిచ్చే పెద్దలు వెలను, బొమ్మల సొగసును చూడడంతోబాటు, ఈ ఆట ఇరవై ఏళ్ల తరువాత ఎవరి చేతిలో ఉంటుందని కూడా ఒక్కసారి అడిగి చూడడం మంచిది.