తెలుపా, పసుపా: రెండు గోడ రంగుల పాత కథ

పోయిన ఎపిసోడ్‌ల ఇంటి ఖర్చుల గురించి మాట్లాడుతూ టైం చాలక వదిలేసిన ముచ్చట ఇది. జగిత్యాల దగ్గర మా పాత ఇంటికి రంగులు వేయిస్తున్నం. నేను దుబాయ్‌ల, వాళ్లు ఊర్ల. వీడియో కాల్‌ల మా ఆవిడ హాలుకు తెలుపంటది. అమ్మేమో పసుపైతేనే ఇంటికి కళ అంటది. తీర్పు నన్ను చెప్పమన్నరు.

మా తాతల కాలంల ఈ పంచాయితీ లేదు. సున్నం, అందుల చిటికెడు నీలిమందు, అంతే. యూరప్‌ల మాత్రం తెల్ల పెయింట్ అంటే వందల ఏండ్లు సీసమే. మట్టికుండల అడుగున వెనిగర్ పోసి, పైన సీసం పెట్టి, చుట్టూ పేడ కప్పి నెలల తరబడి వదిలేవాళ్లు. సీసం మీద తెల్లటి పొర కట్టేది. దాన్ని గీకి, నూరి, నూనెలో కలిపేవాళ్లు. గోడను బాగా కప్పేది, నిజమే. కానీ గీకిన కూలీలకు, పూసిన పెయింటర్లకు కడుపులో మెలిపెట్టే నొప్పి, మణికట్లు వాలిపోవడం. ఆ కడుపునొప్పికి పెయింటర్ల పేరే పెట్టారు. రోగం కూడా మన పని పేరు మీదనే!

1921లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఇండ్ల లోపలి గోడలకు తెల్ల సీసం వాడొద్దని ఒప్పందం చేసింది. రైల్వే స్టేషన్లకు, ఫ్యాక్టరీలకు మినహాయింపు ఉంచారు. అప్పటికే టైటానియం తెలుపు మార్కెట్లోకి వస్తోంది. ఇప్పుడు మన డబ్బాల్లో తెలుపు అదే.

పసుపు కథ అంత తొందరగా తెగలేదు. 1797లో ఫ్రాన్స్‌లో వోక్లాన్ అనే రసాయన శాస్త్రవేత్త, సైబీరియా నుంచి వచ్చిన ఎర్ర ఖనిజంలో క్రోమియం కనిపెట్టాడు. దాన్నుంచే క్రోమ్ పసుపు పుట్టింది. అందులో సీసం, క్రోమియం రెండూ ఉంటాయి. తెల్ల సీసం పోయినంక కూడా ఎనామిల్ డబ్బాల్లో ఇది చాలా ఏండ్లు నడిచింది. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటొద్దన్న రూలు 2017 నవంబర్ నుంచే అమలైంది.

ఇది చదివినంక నాకు గుబులు పట్టింది. మా నాన్న ఆ హాలుకు 1990లల్ల కొట్టించింది పసుపు ఎనామిలే. పెయింటర్ తమ్ముడు దాన్ని పొడిగానే గరుకు కాయితంతో రుద్దుతుండు. పక్కనే మా తమ్ముని రెండేండ్ల కొడుకు ఆడుకుంటుండు. వెంటనే ఫోన్ చేసి పని ఆపించిన. పిల్లగాణ్ణి అత్తమ్మ ఇంటికి పంపించిన. నీళ్లు కొట్టి తడిమీదనే రుద్దమన్న, మాస్క్ కట్టుకోమన్న, దుమ్ము ఊడ్వకుండ తడిబట్టతో తుడవమన్న. "ఒక్కరోజు పని మూడు రోజులైతది అన్నా" అన్నడు. మూడు రోజుల కూలీ ఇస్తా అన్న.

తీర్పంటరా? అమ్మ మాటే నెగ్గింది. సీసం లేదని డబ్బా మీద రాసి ఉన్న ఎమల్షన్, లేత పసుపు. సీలింగ్ మాత్రం మా ఆవిడకు తెలుపు.