సరిహద్దు దాటి వచ్చే పాత ఆటోమేటిక్ కారు

హోసూరు, బాగలూరు, బేరికె, తళి ప్రాంతాలలో పాత కారు కొనదలచిన కుటుంబం ముందుగా బెంగుళూరు వైపు చూడడం సహజం. దూరం నలభై కిలోమీటర్లు. అత్తిబెలె దాటిన తరువాతి రద్దీలో క్లచ్ తొక్కి విసిగినవారు ఆటోమేటిక్ ఎస్‌యూవీని కోరుతున్నారు. అటువంటి బండ్లు బెంగుళూరులో విరివిగా దొరుకుతాయి. అయితే అక్కడ చెప్పిన ధర అసలు ధర కాదు.

కర్ణాటక నంబరు బండిని తమిళనాడు చిరునామాకు మార్చుకోవాలంటే అక్కడి ఆర్టీఓ కార్యాలయం నుండి నిరభ్యంతర పత్రం, అనగా ఎన్‌ఓసీ రావాలి. దానికి 28వ నమూనా దరఖాస్తు, యాజమాన్య మార్పిడికి 29, 30 నమూనాలు అవసరం. బండిపై బ్యాంకు అప్పు తీరి ఉంటే 35వ నమూనా కూడా కావాలి. ఆ తరువాత హోసూరులోనో కృష్ణగిరిలోనో బండి వయసును, విలువను బట్టి జీవితకాల పన్ను మళ్ళీ కట్టాలి. కర్ణాటకలో కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు కోరవచ్చును గాని, అది చేతికి వచ్చేవరకు లెక్కలో వేసుకోరాదు. పన్ను ఎంతో ఆర్టీఓ కార్యాలయంలో ముందే అడిగి, బండి ధరకు కలిపి, అప్పుడు తమిళనాడు నంబరు బండితో పోల్చాలి. లాభమనుకున్నది చాలాసార్లు అక్కడే కరిగిపోతుంది.

ఇక గేరుబాక్సు. ఆటోమేటిక్ అన్నవన్నీ ఒక్కటి కావు. 2018లో టాటా నెక్సాన్‌లోను, మారుతి విటారా బ్రెజా డీజిల్‌లోను వచ్చిన ఏఎంటీ నిజానికి మామూలు గేరుబాక్సే. క్లచ్‌ను కాలికి బదులు యంత్రం నొక్కుతుంది. మరమ్మతు ఖర్చు తక్కువ. ఎత్తులో ఆగి కదిలేటప్పుడు బండి వెనక్కు జారుతుందేమో చూడాలి. టార్క్ కన్వర్టర్ నూనె ఒత్తిడితో పనిచేస్తుంది. బరువుకు, ఎత్తుకు తట్టుకుంటుంది. 2015 నాటి హ్యుందాయ్ క్రెటా డీజిల్, అదే ఏడాది చివర వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ 500 ఆటోమేటిక్ ఈ కోవలోనివి. నిండు కుటుంబంతో కృష్ణగిరి నుండి హోసూరుకు ఎక్కి వచ్చేవారికి ఇదే మేలు. హోండా బీఆర్-వీ పెట్రోలులోని సీవీటీ మెత్తగా నడుస్తుంది, కాని దాని నూనె వేళకు మార్చినట్లు రసీదు ఉండాలి. పొడి జంట క్లచ్‌లు గల గేరుబాక్సు ఆగి ఆగి సాగే రద్దీలో వేడెక్కుతుంది, బాగుచేయించడం ఖరీదు. బడ్జెట్ బిగువుగా ఉన్నవారు దాని జోలికి పోకపోవడమే మంచిది.

బండిని ఉదయం, ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడాలి. అమ్మేవాడు ముందే వేడిచేసి ఉంచితే ఎందుకని అడగాలి. బ్రేకు తొక్కి డీ నుండి ఆర్‌కు మార్చినప్పుడు కుదుపు గాని, ఆలస్యం గాని ఉండరాదు. అరగంట నడిపి, నలుగురినీ ఎక్కించుకొని ఎత్తు ఎక్కించాలి. 2022 సెప్టెంబరులో బెంగుళూరు వరద నీటిలో అనేక కార్లు మునిగాయి గనుక సీటు బెల్టును చివరి వరకు లాగి బురద మరకలు, తివాచీ కింద తుప్పు వెదకాలి.

చెల్లించని ట్రాఫిక్ జరిమానాలు, అప్పు వివరాలు ఎంపరివాహన్ యాప్‌లో చూసుకోవచ్చును. అమ్మకం జరిగిన 14 రోజులలోగా బీమాను కొన్నవారి పేరుకు మార్చాలి, పాత ఫాస్టాగ్‌ను అమ్మినవారి చేత మూయించాలి. ఎన్‌ఓసీ "వారంలో వస్తుంది సార్" అనే మాటకు మొత్తం సొమ్ము అప్పగించక, అది చేతికి అందేవరకు కొంత నిలిపి ఉంచి, ఆ సంగతి ఒప్పంద పత్రంలో వ్రాయించుకోవాలి.