హాప్ పువ్వు చేదు

నాలుకకు చేదు తగిలినప్పుడు పసిబిడ్డ ముఖము ముడుచుకొనును. మొక్కలలోని విషములు అనేకము చేదుగా నుండుటచేత, చేదును రోయు స్వభావము జీవులకు రక్షణగా ఏర్పడినదని శాస్త్రజ్ఞులు భావింతురు. అట్లయ్యును ఐరోపా ప్రజలు వెయ్యి సంవత్సరములకు పైగా ఒక చేదుపువ్వును కోరి తమ పానీయములో కలుపుకొనుచున్నారు. ఆ పువ్వు పేరు హాప్; ఆ పానీయము బీరు. బీరులలో ఎర్రని తేనెరంగు గల 'ఏంబర్ ఏల్' అను రకమును తీసికొన్నచో దాని చేదునకు, రంగునకు, పరిమళమునకు వేర్వేరు చరిత్రలు కలవు.

బార్లీ గింజలను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టినచో మాల్టు తయారగును. మన ఇండ్లలో రాగులను మొలకెత్తించి చేయు పిండియు ఇట్టిదే. మొలకలో పుట్టిన ఎంజైములు వేడినీటిలో పిండిపదార్థమును చక్కెరగా మార్చును. ఆ తీయని రసమును ఈస్టు పులియబెట్టి ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును పుట్టించును.

పూర్వము ఏల్ అనగా హాప్ లేని పానీయమే. అది త్వరగా పులిసి చెడిపోవుచుండెను. హాప్ గంజాయి కుటుంబమునకు చెందిన తీగ. దాని ఆడ, మగ పువ్వులు వేర్వేరు తీగలపై పూయును. బీరునకు పనికివచ్చునవి ఆడపువ్వులు. ఫ్రాన్సులోని కోర్బీ మఠాధిపతి క్రీ. శ. 822లో వ్రాయించిన నియమములలో హాప్ ప్రస్తావన కలదు. 12వ శతాబ్దములో జర్మనీకి చెందిన సన్యాసిని హిల్డెగార్డ్, హాప్ చేదు పానీయములను చెడిపోకుండ కాపాడునని వ్రాసినది. సూక్ష్మజీవులను ఎవరును చూడని కాలమున ఇది కేవలము పరిశీలనవలన తెలిసిన సత్యము.

15వ శతాబ్దములో హాప్ పానీయము ఇంగ్లండులో వ్యాపించినప్పుడు దానిని 'బీరు' అనియు, హాప్ లేని పాతదానిని 'ఏల్' అనియు పిలిచిరి. క్రమముగా ఏల్‌లో కూడ హాప్ చేరి ఆ భేదము చెరిగిపోయినది. 18వ శతాబ్దాంతమున ఓడలపై ఇండియాకు పంపిన బీరులో హాప్‌ను అధికముగా వేయుచుండిరి. వేడి సముద్రములపై నెలల తరబడి సాగు ప్రయాణమును అది తట్టుకొనవలసి యుండెను.

ఈ రక్షణశక్తి ఎక్కడిది? ఆడపువ్వు రేకుల అడుగున పసుపుపచ్చని జిగురుపొడి ఉండును. అందులో హ్యూములోన్ మొదలగు ఆమ్లములు కలవు. ఇవి నీటిలో చక్కగా కరగవు. రసముతో గంటసేపు మరిగించినచో వాటి అణువులలోని అమరిక మారి, కరుగునట్టివియు, మిక్కిలి చేదైనవియు అగును. పానీయమును పులుపెక్కించు లాక్టిక్ బాక్టీరియాలు అనేకము వీటివలన పెరుగజాలవు; ఈస్టునకు మాత్రము హాని లేదు. పానీయముపై నురుగు నిలుచుటకును ఇవి తోడ్పడును.

ఇక రంగు మాల్టునుండి వచ్చును. 1817లో డేనియల్ వీలర్ అను ఆంగ్లేయుడు మాల్టును పీపావంటి తిరుగుడు యంత్రములో వేయించు పద్ధతికి పేటెంటు పొందినాడు. తరువాత, తడి మాల్టును గింజలోపలనే చక్కెర పుట్టునట్లు వేడిచేసి పిదప వేయించు పద్ధతియు వచ్చినది. ఏంబర్ ఏల్ ఎరుపునకు, కాచిన చక్కెరవంటి రుచికి ఇదియే ముఖ్యకారణము. చక్కెరలు, అమైనో ఆమ్లములు వేడికి కలిసి గోధుమరంగు పదార్థములగు ఈ చర్యను 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయ్యార్ వర్ణించెను. రొట్టె పైపొర ఎర్రబడుటయు ఈ చర్యవలననే.

బవేరియాలో 1516లో చేసిన శాసనము బార్లీ, హాప్, నీరు తప్ప బీరులో మరేమియు కలుపరాదన్నది. అందు ఈస్టు పేరే లేదు. పులియుట జీవుల పనియని పాశ్చర్ నిరూపించి, 1876లో బీరుపై గ్రంథము ప్రకటించెను. 1883లో డెన్మార్కులోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సెన్ ఒకే కణమునుండి శుద్ధమైన ఈస్టును పెంచెను. అప్పటినుండి ప్రతి పీపాలోను ఒకే రుచి తెచ్చుట సాధ్యమైనది.

పరిమళము కథ ఇటీవలిది. 1972లో అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రమునుండి 'కాస్కేడ్' అను హాప్ రకము విడుదలైనది. నిమ్మజాతి పండ్లను తలపించు దాని వాసన చిన్న తయారీదారులను ఆకర్షించినది. 1980 తరువాత పశ్చిమ అమెరికాలో ప్రబలిన ఏంబర్ ఏల్ ఈ పరిమళమును ఎర్రమాల్టు తీపితో జోడించినది. వాసననిచ్చు నూనెలు మరిగినచో ఆవిరియై పోవును. అందుచేత చేదుకొరకు హాప్‌ను మొదటనే, వాసనకొరకు చివరను వేయుదురు.

రుచి చూచి నిర్ణయించువారు మొదట రంగును, నురుగును చూచి, పిదప వాసన గ్రహింతురు, తరువాతనే గుటక. మింగినప్పుడు గొంతువెనుకనుండి ముక్కునకు చేరు వాసనయే మనము రుచి అనుకొనుదానిలో పెద్దభాగము. చేదు నాలుక వెనుకభాగమున మాత్రమే తెలియునని పాఠ్యపుస్తకములలోని పటములు చూపుచుండెడివి. అది 1901 నాటి హానిగ్ పరిశోధనను తప్పుగా గ్రహించుటవలన కలిగిన పొరపాటు. రుచిమొగ్గలున్న ప్రతిచోట అన్ని రుచులును తెలియును. 2000లో చేదు గ్రాహకముల కుటుంబము బయటపడినది. మనిషిలో అవి సుమారు 25 రకములు. హాప్ చేదు వాటిలో కొన్నిటిని మేల్కొలుపును. అయినను, హాని కలుగదని అనుభవమువలన మెదడు నేర్చినచో వెగటు తగ్గి ఇష్టము కలుగును. కాకరకాయ కూరను బిడ్డలు విసర్జించి పెద్దలు కోరుట ఇట్టిదే.

అయితే ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. మద్యపానీయములు కేన్సరు కలిగించునవని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే నిర్ణయించినది. తాగుటకు హానిలేని మోతాదు అనునది లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించినది. హాప్ చేదు పానీయమును సూక్ష్మజీవులనుండి కాపాడినది. తాగువానిని ఆల్కహాలునుండి కాపాడజాలదు.