షరతు వాక్యంలో ప్రామిస్: చారిత్రక పరిణామం

విద్యార్థులారా! గత విభాగంలో మీరు 'ఇఫ్' షరతు వాక్యాన్ని నేర్చుకున్నారు. అది తన చేతికందిన విలువను వెంటనే తేల్చేస్తుంది. సర్వరు నుంచి ఆలస్యంగా వచ్చే విలువను దానిలో ఎలా వాడాలనే ప్రశ్నకు జావాస్క్రిప్ట్ చరిత్రలో జవాబు దశలవారీగా దొరికింది.

1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ ఈ భాషను రూపొందించాడు. ఇందులో ప్రోగ్రాం ఒకసారికి ఒకే పని చేస్తుంది. జవాబు కోసం ఆగితే పేజీ అంతా స్తంభించిపోతుంది. అందుకే జవాబు వచ్చాక చేయవలసిన పనిని కాల్‌బ్యాక్ ఫంక్షన్‌గా ముందే అప్పగించేవారు. షరతులు పెరిగేకొద్దీ కాల్‌బ్యాక్‌లు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని, ప్రోగ్రాం చదవడమే కష్టమైంది.

దీనికి విరుగుడు పాత ఆలోచనే. 'ప్రామిస్' అనే పేరును 1976లో డేనియల్ ఫ్రీడ్‌మన్, డేవిడ్ వైజ్ ప్రతిపాదించారు. 1988లో బార్బరా లిస్కోవ్, లియూబా ష్రిరా ఆ భావనను విస్తరించారు. 2015 ప్రమాణంతో అది జావాస్క్రిప్ట్‌లో చేరింది. ప్రామిస్‌కు మూడు స్థితులు: పెండింగ్, నెరవేరడం, తిరస్కరణ.

అయితే ఒక చిక్కు మిగిలింది. ప్రామిస్ ఒక ఆబ్జెక్ట్ కాబట్టి, షరతులో అది ఎప్పుడూ సత్యమే. పరీక్ష ఫలితం తెచ్చే ప్రామిస్‌ను నేరుగా 'ఇఫ్'లో పెడితే, తప్పిన విద్యార్థికి కూడా 'ఉత్తీర్ణులు' అని కనిపిస్తుంది.

ఈ తేడాను మన చరిత్రతో పోల్చి చూడండి. తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని కేంద్రం 2009 డిసెంబరు 9న ప్రకటించింది. రాష్ట్రం 2014 జూన్ 2న ఏర్పడింది. భూపాలపల్లి జిల్లాకు ఎవరి పేరు పెట్టారో, ఆ ఆచార్య జయశంకర్ ఈ మధ్యకాలంలోనే, 2011లో కన్నుమూశారు. అప్పుడు 'హామీ ఉందా?' అంటే ఉంది. 'నెరవేరిందా?' అంటే లేదు. ప్రామిస్‌ను నేరుగా 'ఇఫ్'లో పెట్టినప్పుడు మనం అడిగేది మొదటి ప్రశ్న. మనకు కావలసింది రెండోదాని జవాబు.

2017 ప్రమాణంలో వచ్చిన 'అసింక్', 'అవెయిట్' ఈ పనిని తేలిక చేశాయి. అసింక్ ఫంక్షన్‌లో ప్రామిస్ ముందు 'అవెయిట్' రాస్తే, విలువ వచ్చాకే షరతును పరీక్షిస్తుంది. ఈలోగా పేజీ స్తంభించదు. 2021లో టైప్‌స్క్రిప్ట్ 4.3, అవెయిట్ మరచిన ఇలాంటి షరతులను తప్పుగా ఎత్తిచూపడం మొదలుపెట్టింది.

ఒక విషయం గుర్తుంచుకోండి. అసత్యం అనే జవాబు వేరు, తిరస్కరణ వేరు. మొదటిది 'ఎల్స్' భాగానికి వెళుతుంది. రెండోది రెండు భాగాలనూ దాటిపోతుంది కనుక దానిని 'ట్రై', 'క్యాచ్'తో పట్టుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పెండింగ్‌లో ఉన్న ప్రామిస్‌ను 'ఇఫ్' ఎందుకు సత్యంగా భావిస్తుంది?