పిన్ కోడ్ ఎక్కడ ఆగిపోతుంది?

ఆర్డర్ పెట్టేటప్పుడు పిన్ కోడ్ కొడతాం, అడ్రస్ మొత్తం ఇస్తాం. అయినా డెలివరీ అబ్బాయి ఫోన్ చేసి "అన్నా, ఎక్కడికి రావాలి?" అంటాడు. ఎందుకు? సమాధానం 1972లో ఉంది.

అప్పట్లో ఉత్తరాల మీద అడ్రస్‌లు రకరకాల భాషల్లో, అర్థంకాని చేతిరాతల్లో ఉండేవి. పైగా ఒకే పేరుతో బోలెడు ఊళ్లు. మన దగ్గరే చూడండి, కొత్తపల్లులు ఎన్ని లేవు! కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలో పనిచేసిన శ్రీరామ్ భికాజీ వేలాంకర్ దీనికి 6 అంకెల పరిష్కారం చూపారు. 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ మొదలైంది.

మొదటి అంకె జోన్. మనది 5, కర్ణాటకదీ అదే. మొదటి 3 అంకెలు కలిపితే సార్టింగ్ జిల్లా. చివరి 3 అంకెలు డెలివరీ చేసే పోస్టాఫీసు. అంతే, కోడ్ అక్కడితో సరి! పోస్టాఫీసు నుంచి గుమ్మం దాకా దారి పోస్ట్‌మ్యాన్ బుర్రలో ఉండేది. ఏళ్ల తరబడి అదే బీటు తిరిగితే, పేరు చూడగానే ఇల్లు గుర్తొచ్చేస్తుంది.

ఇవాళ్టి డెలివరీ అబ్బాయికి ఆ గుర్తు పట్టే టైమ్ ఎక్కడిది? 2025లో తపాలా శాఖ డిజిపిన్ తెచ్చింది. దేశాన్ని సుమారు 4 మీటర్ల గడులుగా విడగొట్టి, ఒక్కో గడికి ఒక కోడ్. బాగానే ఉంది. కానీ అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లాట్‌కీ, సరిగ్గా దాని పైన ఐదో ఫ్లోర్‌లో ఉన్న ఫ్లాట్‌కీ కోడ్ ఒకటే!

అందుకే ఫోన్ వస్తే విసుక్కోకండి. కోడ్ ఆగిన చోటు నుంచి నడిచేది అతనే. లిఫ్ట్ ఎటుందో చెప్పండి.