మూడు పెట్టెలు, ఒక్క తెర

"ఏటిరా ఇది, మూడు పెట్టెలకి ఒక్కటే తెరా?" అన్నాడు మా చిన్నాన్న. జలంత్రకోట ఇంట్లో బల్ల మీద ఒక 386, ఒక విండోస్ 95, ఒక ఎక్స్‌పీ మెషిన్. మూడింటికీ కలిపి ఒక మానిటర్, ఒక కీబోర్డు. మధ్యలో ఉన్న స్విచ్చు పెట్టె మీద మీట నొక్కితే తెర మీద కాలం మారిపోతుంది.

చరిత్రలో ఈ పంపకం తలకిందులుగా మొదలైంది. 1969లో ట్రాంబే పరిశోధన నుంచి వచ్చి, హైదరాబాద్ ఈసీఐఎల్ పేరుతో ముడిపడిన టీడీసీ-12 రోజుల్లో కంప్యూటర్ ఒకటి, వంతు కోసం చూసేవాళ్లు పదిమంది. ఇప్పుడు మనిషి ఒకడు, వంతు కోసం చూసేవి కంప్యూటర్లు.

పంచుకోవాలంటే ముందు భాష కలవాలి. 1981 నాటి ఐబీఎమ్ పీసీకి కీబోర్డు చెప్పడమే తప్ప వినడం రాదు. 1984లో వచ్చిన ఏటీ కీబోర్డు రెండూ చేస్తుంది. రెండింటి ప్లగ్గూ ఒకటే, మాట మాత్రం వేరు. అందుకే అప్పటి కొన్ని కీబోర్డుల అడుగున ఎక్స్‌టీ, ఏటీ అని చిన్న మీట ఉండేది. 1987లో పీఎస్/2 వచ్చి ప్లగ్గు మార్చింది, మాట మార్చలేదు. అదే ఏడు వీజీఏ 15 పిన్నుల సాకెట్ తెచ్చింది. నా మూడు పెట్టెలూ ఆ తర్వాతివే కాబట్టి కలిశాయి. స్విచ్చు పెట్టె చేసే అసలు పని ఇంకోటుంది: తెర మీద లేని మెషిన్‌కి కూడా "కీబోర్డు ఇక్కడే ఉంది" అని నమ్మకంగా అబద్ధం చెబుతుంది.

మన దగ్గర ఇలాంటి పంపకమే లిపుల మధ్య జరిగింది. 1980లలో ఐఐటీ కాన్పూర్‌లో మొదలై సీ-డాక్‌కి చేరిన జిస్ట్ కార్డు, ఇంగ్లీషు పీసీలోనే భారతీయ లిపులు చూపించింది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో కే మీట తెలుగులోనూ, ఒడియాలోనూ 'క'నే ఇస్తుంది. 1991లో భారత ప్రమాణమైన ఇస్కీలో ఆ రెండు 'క'లకీ ఒకటే సంకేతం. తెలుగు, ఒడియా ఒకే వీధిలో వినిపించే మా సరిహద్దు ఊళ్లకి ఇందులో వింతేమీ లేదు.

బజారు మాత్రం ఆ దారి పట్టలేదు. డీటీపీ షాపుల్లో ఒక్కో ఫాంటుది ఒక్కో సంకేతాల పట్టిక. ఆ ఫాంటు లేకపోతే తెలుగు కథ కాస్తా ఇంగ్లీషు అక్షరాల చెత్తకుప్ప.

మా పెదనాన్న కథలు అలాంటి ఫాంటులోనే ఉన్నాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తుఫాను తీరం దాటింది. జీడితోటలతో పాటు ఇంటి కప్పూ పోయింది. రాతప్రతులు నానిపోయాయి. మిగిలినవి ఫ్లాపీలే. పెద్ద ఫ్లాపీని 386 చదువుతుంది, ఆ ఫాంటు 95లోనే ఉంది, ఎక్స్‌పీలో యూనికోడ్ తెలుగు ఉంది. 95లో ఒక పేరా చదివి, మీట నొక్కి, ఎక్స్‌పీలో టైపు చేస్తాను. కీబోర్డు మీద నుంచి చెయ్యి తియ్యక్కర్లేదు.

చిన్నాన్నకి ఇదంతా చెప్పాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అయితే అన్నయ్య కథ ఒకటి చదువు" అన్నాడు.

మీట నొక్కాను.